ఆఫీసులో నోరు పెగలని చోట

 

పోయిన వారం ఒక తమ్ముడు ఇక్కడ ఒక ప్రశ్న పెట్టాడు. కొత్తగా ఉద్యోగంలో చేరాడు. చేరిన నాలుగో రోజే సీనియర్ ఒకాయన పదిమంది ముందు "మీకేం బాబూ, కోటాలో వచ్చేస్తారు, పని మాత్రం మేం నేర్పాలి" అన్నాడట. తమ్ముడు నవ్వేసి ఊరుకున్నాడట. రాత్రి నిద్ర పట్టలేదట. "నేను ఏమనాల్సింది?" అని అడిగాడు. కింద మీరంతా ఇచ్చిన జవాబులు చూశాం. సగం మంది "కేసు పెట్టు" అన్నారు. మిగతా సగం "పట్టించుకోకు, నీ పని నువ్వు చేసుకో" అన్నారు. రెండూ చెప్పడం తేలికే. మేం ముగ్గురం ఏళ్ల తరబడి ఆ రెండిటి మధ్యా కొట్టుకున్నవాళ్లమే. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాం, తీరిక చూసుకుని చదవండి.

మేం ఎవరమంటే, విజయపురి సౌత్‌లో గురుకుల డిగ్రీ కాలేజీలో కలిసి చదువుకున్నవాళ్లం. ఇద్దరం లంబాడీలం, ఒకరు యానాది. ఒకామె గ్రామ సచివాలయంలో పనిచేస్తుంది. ఒకడు బ్యాంకులో ఉన్నాడు. ఇంకొకడు ఒక ఆఫీసులో సెక్షన్ చూస్తాడు, అతని కింద నలుగురు పనిచేస్తారు. ఆఫీసుల పేర్లు, ఊళ్ల పేర్లు చెప్పం. నెలకోసారి, ఎక్కువగా రెండో శనివారం, ఇక్కడే కృష్ణ ఒడ్డున లాంచీ స్టేషన్‌కి కాస్త దూరంలో కూర్చుంటాం. నాగార్జునకొండకి వెళ్లే లాంచీ బయలుదేరేటప్పుడు కబుర్లు మొదలెడితే అది తిరిగొచ్చేదాకా ఒడవవు. ఈ పోస్టు కూడా అక్కడే కూర్చుని ఫోన్‌లో కొట్టింది. తప్పులుంటే సర్దుకోండి.

ఈ ఊరి గురించి ఒక్క ముక్క. ఇది ఆఫీసుల కోసం పుట్టిన ఊరు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ గారు డ్యాముకి శంకుస్థాపన చేశాక, కట్టే ఇంజనీర్లకీ సిబ్బందికీ అటొక కాలనీ, ఇటొక కాలనీ లేచాయి. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకి నీళ్లు వదిలారు. మాలో ఒకరి తాత ఆ డ్యాముకి రాళ్లు మోశాడు. డ్యాము రాతికట్టడం కాబట్టి మోసేవాళ్లే వేల మంది ఉండేవాళ్లు. ఆయన చెప్పేవాడు, పెద్ద సారు జీపు వస్తుంటే తలమీద రాయి ఉన్నా సరే పక్కకి జరిగి నిలబడాలట. "ఆ రాయి బరువు అప్పుడే తెలిసేది" అనేవాడు. ఇప్పుడు ఆయన మనవడు కుర్చీలో కూర్చుంటున్నాడు. కుర్చీలో కూర్చున్నాక వేరే రకం బరువులు తెలుస్తున్నాయి. అవే ఇక్కడ రాస్తున్నాం.

ముందు తమ్ముడు అడిగిన దాని సంగతి.

మాలో సచివాలయం ఆమె 2019 సెప్టెంబర్‌లో పరీక్ష రాసి, అక్టోబర్ 2న సచివాలయాలు మొదలైన ఆ విడతలోనే చేరింది. అప్పుడు నెలకి 15 వేలు. ప్రొబేషన్ రెండేళ్లన్నారు, స్కేలు జీతం చేతికొచ్చేసరికి 2022 మధ్య దాటింది. అందరూ కొత్తవాళ్లే, అందరూ ఒకే పరీక్ష రాసినవాళ్లే. అయినా మొదటి నెలలోనే "నీకు ఎన్ని మార్కులు?" అనే ఆట మొదలైంది. మార్కులు చెప్పాక అక్కడ ఒక నవ్వు. ఆ నవ్వు మీ అందరికీ తెలుసు, వర్ణించక్కర్లేదు.

ఆమె మొదటిసారి గట్టిగా అరిచింది. మాటకి మాట అనేసి ఏడుస్తూ బయటికొచ్చింది. మర్నాటి నుంచి ఆమెకి "కోపిష్టి" అని పేరు పడింది. అన్నవాడి పేరు ఎవరికీ గుర్తులేదు, అరిచినామె పేరు మాత్రం మండలం ఆఫీసు దాకా వెళ్లింది. బ్యాంకువాడు సరిగ్గా దీనికి ఎదురు చేశాడు. ఆరు నెలలు నవ్వుతూ ఊరుకున్నాడు. ఊరుకున్నకొద్దీ మాటలు పెరిగాయి. ఒకరోజు భోజనాల దగ్గర ఒకడు "మీవాళ్లు ఎలుకలు తింటారంట కదా, నిజమేనా?" అని అడిగాడు. బాక్సు మూత పెట్టేసి లేచిపోయాడు. ఆ రోజు ఆ బాక్సులో ఉన్నది వంకాయ కూర.

తర్వాత ఇద్దరం నేర్చుకున్నది ఒకటే, దానికి మాకు రెండేళ్లు పట్టింది. అన్నవాడు ఎదురుచూసేది రెండే: మనం సిగ్గుపడాలి, లేదంటే కోప్పడాలి. రెండూ కానిది ఏదైనా అతనికి తెలియని దారి. సచివాలయం ఆమె రెండోసారి అదే మాట వచ్చినప్పుడు చేతిలో ఫైలు కింద పెట్టి, మామూలు గొంతుతో, నవ్వకుండా అంది: "అవునండీ, ఎస్టీ రోస్టర్‌లోనే వచ్చాను. మీరు రాసిన పేపరే నేనూ రాశాను. ఇప్పుడు ఈ అప్లికేషన్ ఎందుకు పెండింగ్‌లో ఉందో చెప్పండి." అంతే. ఆ గదిలో ఎవరూ నవ్వలేదు. నవ్వకుండా చెప్పడమే ఇందులో కష్టం, మనకి చిన్నప్పటి నుంచీ అవమానం జరిగితే నవ్వడం అలవాటు చేశారు కదా. బ్యాంకువాడైతే ఎలుకల మాట మళ్లీ వచ్చినప్పుడు కూర్చున్నచోటే కూర్చుని చెప్పాడు: "మా తాత ఎలుకలు పట్టేవాడు సార్. వరి చేను ఎలుకలు కొట్టేస్తుంటే రైతులే ఇంటికొచ్చి పిలుచుకెళ్లేవాళ్లు. మీ నాన్నగారికి పొలం ఉంటే ఆయన్ని అడగండి, తెలిసే ఉంటుంది." ఆయన నాన్నకి నిజంగానే పొలం ఉంది. తర్వాత అతనే వచ్చి మా నాన్నని అడిగానని చెప్పాడు. ఇప్పుడు స్నేహితులని అనం గానీ, కలిసి తింటారు.

ఇంకో పద్ధతి ఉంది, అది ఇంకా తేలిక. మాట అర్థం కానట్టు "ఏమన్నారండీ? ఇంకోసారి చెప్పండి" అనడం. రెండోసారి అదే మాట అదే ధైర్యంతో చెప్పగలిగేవాళ్లు మాకు ఇద్దరు ముగ్గురు కంటే తగల్లేదు.

ఆ ఇద్దరు ముగ్గురి కోసమే చట్టం. దాని సంగతి కూడా సరిగ్గా తెలుసుకోండి, ఎందుకంటే గ్రూపులో చాలామంది సగం తెలిసి చెబుతున్నారు. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టాన్ని 2015లో సవరించారు, అది 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. కించపరచాలనే ఉద్దేశంతో అవమానించినా, కులం లేదా తెగ పేరుతో దూషించినా నేరమే. కానీ అది నలుగురికీ కనబడే, వినబడే చోట జరగాలి. 2020 నవంబర్‌లో సుప్రీంకోర్టు కూడా, నాలుగు గోడల మధ్య బయటివాళ్లు ఎవరూ లేనప్పుడు అన్న మాట దీని కిందికి రాదని చెప్పింది. అంటే ఎవరెవరు విన్నారు అన్నది ముఖ్యం. అందుకని మాట పడ్డ రోజే తేదీ, టైము, అన్న మాట అన్నట్టుగానే, అక్కడ ఉన్నవాళ్ల పేర్లు ఒక నోట్‌బుక్‌లో రాసిపెట్టుకోండి. వాట్సాప్‌లో వస్తే స్క్రీన్‌షాట్ తీసి ఇంకొకరికి పంపి ఉంచండి. వాడతారో లేదో తర్వాత సంగతి. రాసిపెట్టుకున్న రాత్రి కొంచెం నిద్ర పడుతుంది, అది మా అనుభవం. బ్యాంకులాంటి చోట్ల ఎస్సీ, ఎస్టీ ఉద్యోగుల కోసం లైజాన్ ఆఫీసరు ఉంటారు. పెద్ద విషయమైతే 2004లో విడిగా ఏర్పడ్డ జాతీయ ఎస్టీ కమిషన్ ఉంది. ఇవన్నీ ఉన్నాయని ముందే తెలిసి ఉండటం వేరు, దెబ్బ తగిలాక వెతుక్కోవడం వేరు.

2023 ఫిబ్రవరిలో వరంగల్ కాకతీయ మెడికల్ కాలేజీలో పీజీ చేస్తున్న మన లంబాడీ అమ్మాయి చనిపోయింది. ఒక సీనియర్ మీద ర్యాగింగ్, ఎస్టీ చట్టం కింద కేసు పెట్టారు, అది కోర్టులు తేల్చాల్సిన విషయం. మేం ఆ నెల ఇక్కడ కూర్చున్నప్పుడు ముగ్గురం చాలాసేపు ఏం మాట్లాడలేదు. ఆ తర్వాత పెట్టుకున్న ఏర్పాటు ఒకటుంది. ఆఫీసులో ఎవరికి ఏ మాట తగిలినా, ఎంత చిన్నదైనా, ఆ రాత్రి మిగతా ఇద్దరిలో ఒకరికి ఫోన్ చేయాలి. సలహా అక్కర్లేదు, వింటే చాలు. ఇప్పటికీ చేస్తున్నాం. తమ్ముడూ, నువ్వు రాత్రంతా నిద్రపోలేదని రాశావు. ఎవరికన్నా ఫోన్ చేశావా లేదా అది రాయలేదు.

ఇక మనవాళ్లతోనే వచ్చే ఇబ్బంది. దీని గురించి గ్రూపులో ఎవరూ రాయరు.

సచివాలయం ఆమెకి పెద్దనాన్న వరసయ్యే ఆయన ఒకాయన తాండా నుంచి వచ్చాడు. రాగానే గుమ్మం దగ్గర్నుంచే ముద్దు పేరు పెట్టి పిలిచాడు. స్టాఫ్ అంతా తలెత్తి చూశారు. ఆమెకి చెవులు వేడెక్కాయి. తర్వాత తలుచుకుంటే, ఆ సిగ్గు ఎందుకో ఆమెకే అర్థం కాలేదంది. చిన్నప్పుడు ఎత్తుకుని తిప్పినాయన ఆ పేరుతో కాకపోతే "మేడమ్" అని పిలుస్తాడా? సరే. ఆయన కొడుక్కి ఒక పథకంలో పేరు రావాలి. కొడుకు పేరు మీద కారు ఉంది. ట్యాక్సీ కాదు, సొంత కారు. కంప్యూటర్‌లో కొట్టగానే నాలుగు చక్రాల బండి ఉందని అనర్హుడిగా చూపించింది. ఆమె ఆ మాట మొహం మీద చెప్పలేక "చూద్దాంలే పెద్దనాన్నా" అంది.

ఆఫీసులో "చూద్దాం" అంటే అవదు అని. తాండాలో "చూద్దాం" అంటే మాట ఇచ్చినట్టు. ఆయన వెళ్లి మా అమ్మాయి చేయిస్తానందని నలుగురికి చెప్పుకున్నాడు. మూడు వారాల తర్వాత జాబితాలో పేరు లేదు. పదిమందిని వెంటేసుకుని వచ్చి గోర్ బోలీలో అరిచాడు. స్టాఫ్‌లో ఎవరికీ భాష రాదు. ఏదో నాటకం చూస్తున్నట్టు చూశారు. ఒకరు "ఏమంటున్నారండీ?" అని ఆమెనే అనువాదం అడిగారు! తనని తిట్టిన తిట్లని తనే తెలుగులో చెప్పాలి.

ఇప్పుడు ఆమె ఏం చేస్తుందంటే, మనవాళ్లు ఎవరొచ్చినా ముందు లేచి కుర్చీ వేసి, నీళ్లిచ్చి, గోర్ బోలీలోనే మాట్లాడుతుంది. కానీ కాదనేది టీ రాకముందే చెప్పేస్తుంది. కంప్యూటర్ తెర వాళ్ల వైపు తిప్పి ఇదిగో ఇక్కడ ఆగింది అని చూపిస్తుంది. టీ తాగాక కాదంటే టీ కూడా చేదవుతుంది. గోర్ బోలీ సంగతి కూడా ఒకటి చెప్పాలి. ఆఫీసులో ఇద్దరం లంబాడీలం ఉండి మన భాషలో మాట్లాడుకుంటే మూడోవాళ్లు తమ గురించే అనుకుంటారు. అలా అని మానేయమని మేం అనం, ఇంట్లో అమ్మానాన్నలతో మాట్లాడే భాషని ఆఫీసు మెట్ల దగ్గర చెప్పుల్లాగా వదిలి రావాలా? మాట్లాడుకున్నాక "మా పాప జ్వరం సంగతి అండీ" అని పక్కవాళ్లకి ఒక ముక్క తెలుగులో చెబుతాం. అంతటితో సరిపోతుంది.

టీలు కలపమనడం, రాత్రి పదకొండింటికి "తిన్నారా" అని మెసేజీలు పెట్టడం, ఇవి ఆడపిల్లలకి అదనం. టీ సంగతి ఆమె వారం వంతులు రాసి గోడకి అతికించి తేల్చేసింది, మొదటి వంతు తన పేరే రాసుకుంది. మెసేజీలకి మాత్రం జవాబు ఇవ్వకుండా, మర్నాడు ఆఫీసులో అందరూ ఉండగా "రాత్రి మెసేజ్ పెట్టారు, ఆఫీసు పనేనా అండీ?" అని అడిగింది. ఆగిపోయాయి. ఆగకపోతే 2013 చట్టం ఉంది. పదిమంది, అంతకంటే ఎక్కువ పనిచేసేచోట అంతర్గత కమిటీ ఉండాలి, తక్కువ ఉన్నచోట జిల్లా స్థాయిలో కమిటీ చూస్తుంది. జరిగిన మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాం. పైన రాసినవన్నీ మనల్ని ఎవరో అన్నవి. ఇది మేం అన్నది. దీన్ని రాయాలా వద్దా అని మాలో మేం రెండు నెలలు వాదించుకున్నాం.

మాలో సెక్షన్ చూసేవాడి కింద ఔట్‌సోర్సింగ్‌లో ఒక పెద్దాయన ఉన్నాడు. చెంచు. యాభై దాటి ఉంటాయి. తాళాలు తీయడం, ఊడవడం, ఫైళ్లు అందించడం, రాత్రిపూట కాపలా ఎవరూ లేకపోతే అదీ ఆయనే. మావాడు చేరిన కొత్తలో "బాబూ" అని పిలిచేవాడు. "బాబూ, నువ్వు తాండా పిల్లోడివంట కదా, మంచిది" అని మొదటిరోజే భుజం తట్టాడు. మావాడికి ఆ ఆఫీసులో మొదటి పలకరింపు అదే.

ఆయన ఆలస్యంగా వచ్చేవాడు. ఒక్కోసారి రెండు మూడు రోజులు చెప్పకుండా రాడు. మస్టర్‌లో ఖాళీలు. మిగతా స్టాఫ్ మావాడి దగ్గరికొచ్చి "మీవాడు కాబట్టి మీరు వదిలేస్తున్నారు" అనడం మొదలెట్టారు. ఈ "మీవాడు" అనే మాట ఎంత పని చేస్తుందో చూడండి. పై ఆఫీసరు కూడా ఒకసారి "సెక్షన్ కంట్రోల్‌లో లేదు" అన్నాడు. మావాడికి ఎస్టీ కాబట్టే అలా అన్నారనిపించింది, అయ్యుండొచ్చు కూడా. ఆ సోమవారం పెద్దాయన పదకొండింటికి వచ్చాడు. గదిలో అందరూ ఉన్నారు. మావాడు అరిచాడు: "ఒరే, మీ అడవి పద్ధతులు ఇక్కడ కుదరవు. ఉంటే ఉండు, లేకపోతే పో."

గదిలో నవ్వు వినిపించింది. మావాడు తర్వాత మాకు చెప్పింది ఇది: "ఆ నవ్వు నాకు తెలుసురా. నా మీద నవ్విన నవ్వే అది. ఈసారి నేను నవ్వించాను."

పెద్దాయన ఏమీ అనలేదు. తాళాల గుత్తి టేబుల్ మీద పెట్టాడు, శబ్దం రాకుండా. వెళ్లిపోయాడు. తొమ్మిది రోజులు రాలేదు.

ఆ నెల శనివారం మేం ముగ్గురం కూర్చున్నప్పుడు మావాడు ఇదంతా చెప్పాడు. సర్ది చెబుతామనుకున్నాడేమో. బ్యాంకువాడు లేచి నిలబడ్డాడు. "అడవి పద్ధతులా? అది ఆయన్ని కాదు, నన్నన్నావు. మీకు తాండా ఉంది, భాష ఉంది, నాయకులున్నారు, పండగ ఉంది. మాకూ చెంచులకీ ఎవరున్నారు? ఎస్టీలందరం ఒకటే అని మీటింగుల్లో చెప్పేది మీరే, ఆఫీసులో ఒరే అనేదీ మీరే." అని వెళ్లి బస్సెక్కేశాడు. నెలన్నర ఫోన్ చేయలేదు, చేస్తే ఎత్తలేదు. పన్నెండేళ్ల స్నేహం.

ఇంకో సంగతి అప్పుడే తెలిసింది. ఎస్టీ చట్టం ఎస్సీ, ఎస్టీలు కానివాళ్ల మీదే పనిచేస్తుంది. అదే మాట వేరే కులం ఆఫీసరు అదే గదిలో అని ఉంటే కేసు. మావాడు అన్నాడు కాబట్టి ఆ చట్టం కింద ఏమీ లేదు. చట్టం తప్పని మేం అనడం లేదు, అది ఎవరి కోసం పుట్టిందో మనకి తెలుసు. కానీ ఆ పెద్దాయన వైపు నిలబడటానికి ఆ గదిలో ఏమీ లేదు, మావాడి బుద్ధి తప్ప.

ఒక ఆదివారం మావాడు గూడెం వెళ్లాడు. సచివాలయం ఆమె వెంట వెళ్లింది. రోడ్డు దిగి చాలా దూరం నడవాలి. బస్సు ఉదయం ఒకటి, అది తప్పితే ఆటో కోసం కూర్చోవాలి, ఆటో నిండితేనే కదులుతుంది. పదకొండింటి సంగతి ఆ రోడ్డు మీద నడుస్తుంటేనే సగం అర్థమైంది. మిగతా సగం ఇంట్లో అర్థమైంది. ఆయన భార్యకి టీబీ. మందులు ఇప్పించడం, పరీక్షలకి మాచర్ల తీసుకెళ్లడం అన్నీ ఆయనే. చెప్పి రావొచ్చు కదా అని మీరనుకోవచ్చు, మేమూ అనుకున్నాం. లీవు లెటర్ రాయడం రాదు. ఇంతకుముందు ఒకసారి సెలవు అడిగితే ఆఫీసులో ఒకాయన కారణం రాసివ్వమని చెప్పి గంటసేపు నిలబెట్టాడట. అప్పటి నుంచీ అడగడం మానేశాడు. అడిగి అవమానపడటం కంటే అడగకుండా తిట్టు తినడం మేలనుకున్నాడు. ఇది మనలో ఎవరికి తెలియని లెక్క?

మావాడు చేతులు పట్టుకుని "తప్పయింది, క్షమించు" అన్నాడు. ఆయన మంచం మీద కూర్చోమన్నాడు, మంచినీళ్లు ఇప్పించాడు. చాలాసేపటికి అన్నాడు:

"అక్కడన్నావు. ఇక్కడ చెబుతున్నావు."

అంతే అన్నాడు. ఇంక ఆ విషయం ఎత్తలేదు. తిరిగి నడుస్తున్నంతసేపూ మావాళ్లిద్దరికీ అదే మాట.

మంగళవారం ఆయన వచ్చాడు. తాళాలు తీసుకున్నాడు. మావాడు స్టాఫ్ నలుగురినీ కూర్చోబెట్టి, ఆయన్ని కూడా కుర్చీలో కూర్చోబెట్టి చెప్పాడు: "ఆ సోమవారం నేను పెద్దాయన్ని ఒరే అన్నాను, అడవి పద్ధతులన్నాను. ఆ మాట తప్పు. మీ అందరి ముందు అన్నాను కాబట్టి మీ అందరి ముందు చెబుతున్నాను. ఆలస్యం సంగతి వేరు, అది ఆయనా నేనూ మాట్లాడుకుంటాం." గొంతు వణికిందట. ఎవరూ మాట్లాడలేదట, ఫ్యాను శబ్దం తప్ప. సాయంత్రం ఒక సీనియర్ వచ్చి "అటెండర్‌కి సారీ చెబితే అలుసైపోతావయ్యా, రేపట్నుంచి ఎవరూ లెక్కచేయరు" అన్నాడు. నిజం చెప్పాలంటే ఒక నెల అలాగే జరిగింది కూడా. ఒకడు ఫైలు మూడుసార్లు అడిగితే గానీ ఇవ్వలేదు. తర్వాత సర్దుకుంది.

ఆలస్యం సంగతికి వాళ్లు చేసుకున్న ఏర్పాటు ఇది. ఉదయం తాళాలు తీసే పని దగ్గర్లో ఉండే ఇంకో కుర్రాడికి ఇచ్చి, సాయంత్రం మూసే పని పెద్దాయనకి ఇచ్చారు. ఫోన్‌లో డబ్బులు లేకపోయినా మిస్డ్ కాల్ వెళుతుంది కదా, ఒక మిస్డ్ కాల్ వస్తే ఆలస్యం, రెండు వస్తే ఈ రోజు రాను అని. లీవు లెటర్ మావాడే రాసిపెడతాడు, ఆయన వచ్చాక సంతకం పెడతాడు. పరీక్షల తేదీలు ముందే క్యాలెండర్ మీద గీతలు గీసుకున్నారు. ఇప్పటికీ అప్పుడప్పుడూ ఆలస్యమే. కానీ "మీవాడు" అనే మాట తగ్గింది, ఎందుకంటే అదే ఏర్పాటు మిగతా ముగ్గురికీ పెట్టాడు. వాళ్లకీ ఇళ్లలో జ్వరాలుంటాయి.

ఒక విషయంలో మేం ముగ్గురం ఈ రోజుకీ ఒప్పుకోలేదు. ఆ తొమ్మిది రోజుల జీతం. మావాడు మస్టర్‌లో గైర్హాజరు అనే వేశాడు, జీతం కట్ అయింది. బ్యాంకువాడు అంటాడు, ఆయన రాకపోవడానికి కారణం నువ్వు, ఆ డబ్బు నువ్వు నీ జేబులోంచైనా ఇవ్వాల్సింది అని. సచివాలయం ఆమె అంటుంది, డబ్బు చేతిలో పెడితే అది ఇంకో అవమానం, మందుల ఖర్చుకి ఇంకో దారిలో సాయం చూడాలి అని. మావాడు అంటాడు, మస్టర్‌లో తప్పు హాజరు వేస్తే రేపు మొదట పట్టుబడేది నేనే, ఎస్టీ ఆఫీసరు చేసిన తప్పు అందరికీ రెండింతలు కనిపిస్తుంది అని. మీరేమంటారో రాయండి. నిజంగానే అడుగుతున్నాం.

బ్యాంకువాడు మళ్లీ ఎలా మాట్లాడాడంటే, అది డ్యాము వల్ల. 2023 నవంబర్ 30, తెలంగాణలో పోలింగ్ రోజు, తెల్లారకముందే ఆంధ్ర పోలీసులు డ్యాము మీదికి వచ్చి 26 గేట్లలో 13 గేట్ల దాకా మాదంటూ ముళ్లకంచె వేసిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. తర్వాత కేంద్ర బలగాలు వచ్చాయి. మేం చదువుకునేటప్పుడు నడిచిన డ్యాము అది. ఆ రోజు టీవీలో కంచె చూసి బ్యాంకువాడే మావాడికి ఫోన్ చేశాడు. "ఏరా, మన మధ్య ఎన్నో గేటు?" అన్నాడు. పైవాళ్లు ఆర్డరేస్తే కింద పనిచేసేవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోలేని రోజు అది. అటు ఉద్యోగులు, ఇటు ఉద్యోగులు, అందరూ ఒకే గోడ మీద పనిచేసేవాళ్లే. ఆ మధ్యాహ్నం ఇద్దరూ గంటన్నర మాట్లాడుకున్నారు, పెద్దాయన సంగతి మాత్రం చివరి ఐదు నిమిషాలే.

పెద్దాయన ఇప్పుడు బాగానే మాట్లాడతాడు. ఆయన భార్యకి మందుల కోర్సు అయిపోయింది, కోలుకుంది. మొన్న సీతాఫలాలు తెచ్చి సెక్షన్‌లో అందరికీ పంచాడు. మావాడికి రెండు పెద్దవి ఏరి ఇచ్చాడు. ఇస్తూ "తీసుకోండి సార్" అన్నాడు. ఆ సోమవారం తర్వాత ఇప్పటిదాకా ఒక్కసారి కూడా "బాబూ" అనలేదు. మావాడు అడగలేదు. అడిగేది కూడా కాదు.

తమ్ముడూ, నీ ప్రశ్నకి ఇది సూటి జవాబు కాకపోవచ్చు. ఆ సీనియర్ మళ్లీ అంటాడు, అనకుండా ఉండడు. పైన రాసిన రెండు మాటల్లో నీ నోటికి ఏది వస్తే అది ఇంట్లో అద్దం ముందు నాలుగుసార్లు అని చూసుకో, నవ్వకుండా. వచ్చే రెండో శనివారం మేం ముగ్గురం ఇక్కడే ఉంటాం. మాచర్ల నుంచి బస్సుంది, లాంచీ స్టేషన్ దగ్గర దిగి ఫోన్ చెయ్. నీ కింద పనిచేసేవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లని ఏమని పిలుస్తున్నావో కూడా వచ్చినప్పుడు చెప్పు.